ఇప్పుడు మాట్లాడే వంతు ఎవరిది?

డంజన్స్ అండ్ డ్రాగన్స్ రూల్‌బుక్ తెరిస్తే కొట్లాటల గురించి పేజీలకు పేజీలు కనిపిస్తాయి. ఎవరు ముందు కొట్టాలి, ఒక వంతులో ఎన్ని అడుగులు కదలొచ్చు, విసిరిన బాణం తగలాలంటే పాచిక మీద ఎంత పడాలి, అన్నీ లెక్కలే. టేబుల్ చుట్టూ కూర్చున్న ఐదుగురిలో ముందు ఎవరు మాట్లాడాలి, ఒకరు చెబుతుంటే ఇంకొకరు అడ్డం రావచ్చా, ముగ్గురు సరేనని ఒకరు కాదంటే ఏం చేయాలి అన్నవాటికి మాత్రం ఆ పుస్తకంలో చోటు చాలా తక్కువ. సెషన్ బాగుందా, బోర్ కొట్టిందా అనేది ఎక్కువగా ఈ రెండో రకం విషయాల్లోనే తేలిపోతుంది.

ఇలాంటి రోల్‌ప్లేయింగ్ ఆటలు తెలియనివారి కోసం రెండు ముక్కలు. ఒకరు గేమ్ మాస్టర్. ఆయన ఒక ప్రపంచాన్ని, అందులో జరుగుతున్నదాన్ని మాటల్లో చెబుతారు. మిగతావాళ్లు తలా ఒక పాత్ర తీసుకుని, ఆ పాత్ర ఏం చేస్తుందో చెబుతారు. ఫలితం తేలని పని అయితే పాచిక వేస్తారు. ఎక్కువగా వాడేది 20 ముఖాల పాచిక. గెలుపు, ఓటమి అంటూ ఉండవు. ఒక కథ వారాల తరబడి, కొన్ని గుంపుల్లో ఏళ్ల తరబడి సాగుతుంది. దాన్నే క్యాంపెయిన్ అంటారు.

ఒక సందర్భాన్ని దగ్గరగా చూద్దాం. ఇది ఊహించిందే అయినా, ఈ ఆటలు ఆడేవాళ్లకి బాగా తెలిసిన వ్యవహారం. నలుగురు ఆటగాళ్లు ఉన్నారు. వాళ్ల పాత్రలు మంత్రాలు వేసే ఒక విజార్డ్, తాళాలు తీయడంలో దిట్ట అయిన ఒక రోగ్, ఒక ఫైటర్, గాయాలు మాన్పే ఒక క్లెరిక్. పాత కోట నేలమాళిగలో తాళం వేసిన తలుపు ముందు నిలబడ్డారు. అవతల మనుషుల మాటలు వినిపిస్తున్నాయని, కింద సందులోంచి ఒకే ఒక్క దీపం వెలుగు కనిపిస్తోందని గేమ్ మాస్టర్ చెబుతాడు.

"సందు ఎంత ఉంటుంది?" అని అడుగుతాడు విజార్డ్ ఆడేవాడు. అంగుళం దాకా ఉంటుంది. "అయితే నా పెంపుడు ఎలుకని లోపలికి పంపిస్తా."

"అది దొరికిపోతే? ముందు నేను చెవి ఆనించి వింటా" అంటాడు రోగ్.

"వింటే ఏం తెలుస్తుంది, చూడాలి గానీ."

ఇలా పావుగంట. నూనె పోసి నిప్పంటించడం దగ్గర నుంచి పక్క గోడకి కన్నం వేయడం దాకా అన్నీ చర్చకు వస్తాయి. ఫైటర్ ఆడేవాడు ఈలోగా పాచికల్ని ఒకదాని మీద ఒకటి పేరుస్తూ కూర్చుంటాడు. క్లెరిక్ ఆడే అమ్మాయి రెండుసార్లు నోరు తెరుస్తుంది. రెండుసార్లూ వేరే ఎవరో అందుకోవడంతో ఊరుకుంటుంది. పేర్చిన పాచికలు కూలిపోయాక ఫైటర్ తల ఎత్తి, "నేను తలుపు తన్నేస్తున్నా" అంటాడు. "ఆగరా బాబూ!" అని ఇద్దరూ ఒకేసారి అరుస్తారు. పాచిక అప్పటికే దొర్లిపోయింది. 19 పడింది. తలుపు బద్దలైంది. లోపల ఆరుగురు కాపలావాళ్లు.

ఇక కొట్లాట. ఇనిషియేటివ్ కోసం అందరూ పాచిక వేస్తారు, వచ్చిన అంకెల ప్రకారం వంతులు ఖరారవుతాయి. క్లెరిక్ వంతు వస్తుంది. ఇప్పుడు అందరూ ఆమె వైపే చూస్తున్నారు, మధ్యలో మాట్లాడేవారు లేరు. "లోపల దీపం ఒక్కటే ఉందన్నావు కదా. దాన్ని ఆర్పేస్తా. మన నలుగురికీ చీకట్లో కళ్లు కనబడతాయి. వాళ్లు మామూలు మనుషులు." పావుగంట చర్చలో ఎవరికీ తట్టని ఉపాయం అది. బహుశా ఆమెకి మొదట్లోనే తట్టి ఉంటుంది.

ఈ సీను మీద చటుక్కున వచ్చే తీర్పు ఒకటుంది. విజార్డ్ ఆడేవాడు అతిగా ఆలోచించే రకం, ఫైటర్ ఆడేవాడికి ఓపిక లేదు, ఆ అమ్మాయి బిడియస్తురాలు. మూడూ కొంతవరకు నిజమే. కానీ పది నిమిషాల తేడాతో బిడియస్తురాలు టేబుల్ మొత్తాన్ని నడిపించింది. ఆమె స్వభావం అంతలోనే మారిపోలేదు. వంతు అనేది వచ్చింది, అంతే. కొట్లాట మొదలవగానే రూల్ వచ్చి మాట్లాడే హక్కును సమానంగా పంచింది. అంతకుముందు రూల్ లేదు కాబట్టి గొంతు పెద్దగా ఉన్నవాళ్లది, వెంటనే అందుకోగలిగినవాళ్లది రాజ్యమైంది. ఆటగాళ్ల మనస్తత్వాల గురించి ఎంత చర్చ జరిగినా చివరికి తేలేది ఇదే. మనుషుల స్వభావం రూల్స్ లేని చోట్లలోకి పారుతుంది. ఆ చోట్లు ఎక్కడున్నాయో ఆటను బట్టి, గుంపును బట్టి మారుతుంది.

ఫైటర్ సంగతి కూడా చూడాలి. అతని క్యారెక్టర్ షీట్ మీద, అంటే పాత్ర శక్తులు రాసుకునే కాగితం మీద, ఉన్నవన్నీ కొట్టడానికి, తన్నడానికి, దెబ్బలు కాచుకోవడానికి పనికొచ్చేవే. ప్లానింగ్ సాగినంతసేపూ అతని పాత్ర చేయగలిగింది దాదాపు ఏమీ లేదు. చర్చ ఎప్పుడు ముగియాలో చెప్పే రూల్ కూడా లేదు. తన్నినవాణ్ని అందరూ తిట్టుకుంటారు గానీ, ఆ చర్చకి ముగింపు పలికింది అతనే.

ఈ చిక్కు ఈ ఆటలతో పాటే పుట్టింది. 1969లో అమెరికాలోని మినియాపొలిస్–సెయింట్ పాల్ ప్రాంతంలో డేవ్ వెస్లీ అనే యువకుడు నెపోలియన్ కాలం నాటి యుద్ధ ఆటను కొత్తగా ఆడించాలనుకున్నాడు. బ్రౌన్‌స్టైన్ అనే ఊహా పట్టణం, దాని మీదికి వస్తున్న సైన్యాలు. అలవాటైన సేనాధిపతుల పాత్రలకు తోడు ఊరి మేయర్, బ్యాంకర్, యూనివర్సిటీ పెద్ద లాంటి పాత్రలు కూడా కొందరికి ఇచ్చాడు, ఒక్కొక్కరికీ ఒక్కో సొంత లక్ష్యంతో. ఆటగాళ్లు అతను వేసుకున్న ప్లాన్‌ని పట్టించుకోలేదు. ఇద్దరిద్దరుగా పక్కకి వెళ్లి బేరాలు కుదుర్చుకున్నారు, కుట్రలు పన్నారు. ఇద్దరైతే ద్వంద్వయుద్ధానికి సిద్ధమయ్యారు. దానికి రూల్స్ లేకపోవడంతో వెస్లీ అక్కడికక్కడే కల్పించాల్సి వచ్చింది. ఆట చెడిపోయిందనే అతను అనుకున్నాడు. ఆడినవాళ్లు మాత్రం మళ్లీ ఎప్పుడని అడిగారు. ఆ గుంపులో ఉన్న డేవ్ ఆర్నెసన్ తర్వాత బ్లాక్‌మూర్ అనే సొంత ఆట మొదలుపెట్టాడు. 1974లో గ్యారీ గైగాక్స్‌తో కలిసి డంజన్స్ అండ్ డ్రాగన్స్ తెచ్చాడు. కాబట్టి గుంపు కట్టు తప్పడం ఈ ఆటలకి తర్వాత పట్టిన జబ్బు కాదు, పుట్టుకతో వచ్చిన గుణం.

1974 నాటి ఆ తొలి పుస్తకాల్లో ఇప్పుడు చదివితే నవ్వొచ్చే లెక్క ఒకటుంది. ఒక క్యాంపెయిన్‌లో నలుగురి నుంచి యాభై మంది దాకా ఆడొచ్చు, ఒక రిఫరీకి (ఇప్పటి మాటలో గేమ్ మాస్టర్‌కి) ఇరవై మంది ఆటగాళ్ల చొప్పున ఉంటే సరిపోతుంది అని రాశారు. అంతమందీ ప్రతిసారీ ఒకే టేబుల్ దగ్గర కూర్చుంటారని కాదు, ఎవరు వీలైతే వాళ్లు వచ్చి ఆడే పద్ధతి అది. అయినా గుంపులు పెద్దవే. అందుకే కాలర్ అనే ఒక ఏర్పాటు ఉండేది. ఆటగాళ్లు తమలో తాము మాట్లాడుకున్నాక, ఒకరు అందరి తరఫునా రిఫరీకి నిర్ణయం చెప్పాలి. 1981 బేసిక్ సెట్‌లో కూడా కాలర్ ఉన్నాడు, మ్యాప్ గీయడానికి ఒక మ్యాపర్ కూడా. తర్వాత్తర్వాత కాలర్ కనుమరుగయ్యాడు. తన పాత్ర మాటను ఎవరో చెప్పడం ఎవరికి నచ్చుతుంది? కానీ కాలర్‌తో పాటు చర్చను ముగించే అధికారం కూడా పోయింది. దాని స్థానంలో ఏమీ పెట్టలేదు. తలుపు ముందు పావుగంట అక్కడి నుంచే వచ్చింది.

గుంపులు మాత్రం చిన్నవయ్యాయి. ఇప్పటి డంజన్స్ అండ్ డ్రాగన్స్‌లో కొట్లాటల లెక్కలు నలుగురైదుగురి పార్టీని దృష్టిలో పెట్టుకునే ఉంటాయి. దీనికి ఆట బయట కూడా ఒక ఆధారం ఉంది. మనుషులు మామూలుగా కూడి మాట్లాడుకునేటప్పుడు ఒక సంభాషణలో నలుగురు మించితే అది రెండుగా చీలిపోతుందని బ్రిటిష్ మనస్తత్వ శాస్త్రవేత్త రాబిన్ డన్‌బర్ బృందం 1990లలో గమనించింది. టేబుల్ దగ్గర గేమ్ మాస్టర్ కాక ఆరుగురు ఉంటే ఇదే కనిపిస్తుంది. ఒక మూల ఇద్దరు సినిమా గురించి మొదలుపెడతారు. వాళ్లకి శ్రద్ధ లేదని గేమ్ మాస్టర్‌కి కోపం. నిజానికి సంభాషణలో చోటు దొరకనివాళ్లు తమ చోటు తాము చేసుకున్నారు. ఏడుగురితో ఆట నడవట్లేదని వాపోయే గేమ్ మాస్టర్‌కి మనస్తత్వ పాఠం కన్నా ఇద్దర్ని తగ్గించుకోమనే సలహా ఎక్కువ పనికొస్తుంది.

ఆటగాళ్లను రకాలుగా విడగొట్టే ప్రయత్నాలు చాలా జరిగాయి. 1980లో గ్లెన్ బ్లాకో ఒక వ్యాసంలో నాలుగు ధోరణులు చెప్పాడు. పాత్రలో లీనమవడం, కథ నడపడం, బలం పెంచుకోవడం, యుద్ధవ్యూహం. 2002లో గేమ్ డిజైనర్ రాబిన్ లాస్ గేమ్ మాస్టర్ల కోసం రాసిన చిన్న పుస్తకంలో ఏడు రకాలున్నాయి. వాటిలో అందరూ దాటేసేది, నిజానికి అన్నిటికన్నా విలువైనది క్యాజువల్ గేమర్. స్నేహితులు ఆడుతున్నారని వచ్చి కూర్చునే మనిషి. పెద్దగా మాట్లాడడు, తన వంతు వస్తే పాచిక వేస్తాడు, అందరితో కలిసి నవ్వుతాడు. ఇలాంటివాళ్లని 'యాక్టివ్' చేయాలని చూసే గేమ్ మాస్టర్లు వాళ్లని అనవసరంగా ఇబ్బంది పెడతారు. మాట్లాడాలని ఉన్నా మాట్లాడలేకపోతున్న మనిషి వేరు, మాట్లాడకుండానే హాయిగా ఉన్న మనిషి వేరు. పైకి ఇద్దరూ ఒకేలా కనిపిస్తారు. తలుపు సీనులో క్లెరిక్ ఆడే అమ్మాయి మొదటి రకం. రెండుసార్లు నోరు తెరవడమే గుర్తు.

ఈ వర్గీకరణల్లో బాగా పేరు మోసింది రిచర్డ్ బార్టిల్‌ది. 1996లో రాసిన వ్యాసంలో ఆయన ఆటగాళ్లను నాలుగు రకాలన్నాడు. విజయాలు కూడబెట్టేవాళ్లు, ప్రపంచాన్ని శోధించేవాళ్లు, మనుషులతో కలవడానికి వచ్చేవాళ్లు, ఇతరుల్ని వేటాడేవాళ్లు. అది కంప్యూటర్లో చాలామంది కలిసి ఆడే మడ్ ఆటల గురించి రాసింది. టేబుల్ ఆటలకి దాన్ని అలాగే అంటిస్తే కుదరదు. మడ్‌లో నచ్చని మనిషి ఎదురైతే ఇంకో వైపు వెళ్లిపోవచ్చు. టేబుల్ దగ్గర అతను పక్క కుర్చీలోనే ఉంటాడు. పైగా ఆ నాలుగు పేర్లే జనానికి గుర్తుండిపోయాయి గానీ, బార్టిల్ వ్యాసంలో అసలు సరుకు వేరే ఉంది. ఒక రకం పెరిగితే ఇంకో రకం ఎలా తగ్గుతుందన్నది. వేటాడేవాళ్లు ఎక్కువైతే కబుర్ల కోసం వచ్చేవాళ్లు వెళ్లిపోతారు. అంటే ఎవరు ఏ రకమన్నది కాదు, ఎవరి వల్ల ఎవరు ముడుచుకుపోతున్నారన్నది ప్రశ్న. టేబుల్‌కి పనికొచ్చే భాగం అదే.

డంజన్స్ అండ్ డ్రాగన్స్‌లో గేమ్ మాస్టర్ల కోసం వచ్చిన 2014 నాటి డంజన్ మాస్టర్స్ గైడ్ కాస్త తెలివిగా వ్యవహరించింది. మనుషులకు ముద్రలు వేయకుండా నటించడం, శోధించడం, రెచ్చగొట్టడం, పోరాడడం, పాత్రను పదును పెట్టుకోవడం, చిక్కుముడులు విప్పడం, కథ అల్లడం అని ఏడు ఇష్టాలను చెప్పింది. ఒకే మనిషికి ఒక సాయంత్రం ఒకటి, మరో సాయంత్రం ఇంకొకటి నచ్చొచ్చు. ఆఫీసులో తల వాచిపోయి వచ్చిన రోజున చిక్కుముడుల వీరుడు కూడా ఊరికే గాబ్లిన్లను నరకాలనుకుంటాడు.

ఇక అన్ని గుంపుల్లోనూ ఏదో ఒక రోజు వచ్చే తగువు. రోగ్ ఆడేవాడు రాత్రి అందరూ నిద్రపోయాక విజార్డ్ సంచిలోంచి ఒక రత్నం కొట్టేస్తాడు. ఎందుకని నిలదీస్తే, "నా క్యారెక్టర్ అలాంటోడు, నేనేం చేయను" అంటాడు. షీట్ మీద పాత్ర స్వభావం 'అడ్డదిడ్డం' (కేయాటిక్) అని రాసి ఉంటే ఇంకా మంచిది, తీసి చూపిస్తాడు. విజార్డ్ ఆడేవాడు ఆ సాయంత్రమంతా ముభావంగా ఉంటాడు.

అమెరికన్ సమాజశాస్త్రవేత్త గ్యారీ అలన్ ఫైన్ 1983లో తెచ్చిన పుస్తకం ఈ తగువును అర్థం చేసుకోవడానికి ఇప్పటికీ మంచి సాధనం. మినియాపొలిస్ ప్రాంతపు గుంపులతో కలిసి ఆడుతూ, గమనిస్తూ రాసిన పుస్తకం అది. టేబుల్ దగ్గర ప్రతి మనిషీ ఒకేసారి మూడు అంతస్తుల్లో ఉంటాడంటాడు ఫైన్. మామూలు మనిషిగా, రూల్స్ తెలిసిన ఆటగాడిగా, కథలోని పాత్రగా. దొంగతనం జరిగింది మూడో అంతస్తులో. కోపం వచ్చింది మొదటి అంతస్తులో. "నా క్యారెక్టర్ అలాంటోడు" అనే జవాబు మొదటి అంతస్తు ప్రశ్నకి మూడో అంతస్తు నుంచి చెప్పింది, అందుకే అది ఎవరినీ శాంతపరచదు. ఆ పాత్రను అలా తయారుచేసింది ఆ మనిషే కదా! దొంగ కూడా తన దళంలోవాళ్లని దోచుకోకుండా ఉండడానికి వంద కారణాలు కల్పించొచ్చు. కల్పించకపోవడం పాత్ర నిర్ణయం కాదు.

అయితే ఇదే దొంగతనం వేరే టేబుల్ దగ్గర ఆ సాయంత్రానికే హైలైట్ అవుతుంది. 1984లో వచ్చిన పారనోయా అనే ఆటలో ఆటగాళ్లు ఒకరినొకరు మోసం చేసుకోకపోతే ఆటే లేదు. అక్కడ రత్నం కొట్టేసినవాడికి చప్పట్లు. 1981 నాటి కాల్ ఆఫ్ థుల్హూ భయపెట్టే ఆట, పాత్రల మతి క్రమంగా తప్పడమే అందులో కథ. జోకులేసే మనిషి డంజన్స్ అండ్ డ్రాగన్స్ టేబుల్‌కి ప్రాణం అయితే, ఇక్కడ అదే మనిషి ఒక్క జోకుతో గంటసేపు కట్టిన వాతావరణాన్ని పాడుచేస్తాడు. 'చెడ్డ ఆటగాడు' అని ఫలానా మనిషిని వేలెత్తి చూపించే ముందు అతను ఏ ఆట ఆడుతున్నాననుకుంటున్నాడో అడగడం మేలు. చాలాసార్లు ఐదుగురూ ఐదు వేర్వేరు ఆటలకి వచ్చి కూర్చుని ఉంటారు.

సెషన్ జీరో అనే పద్ధతి దీనికోసమే వచ్చింది. అసలు ఆట మొదలయ్యే ముందు ఒకసారి కూర్చుని కథ ఎలా ఉండాలి, పాత్రలు ఒకరినొకరు కొట్టుకోవచ్చా, దోచుకోవచ్చా, ఏయే విషయాలు టేబుల్ మీదికి రాకూడదు అని మాట్లాడుకోవడం. మధ్యలో ఇబ్బంది కలిగితే ఎలా అన్నదానికి జాన్ స్టావ్రోపౌలోస్ రూపొందించిన ఎక్స్ కార్డ్ ఉంది. ఎక్స్ అని రాసిన కార్డు టేబుల్ మధ్యలో ఉంటుంది. ఎవరైనా దాన్ని ముట్టుకుంటే ఆ విషయం అక్కడితో వదిలేయాలి, కారణం అడగకూడదు. ఇదంతా అతి సుకుమారం అని ఎగతాళి చేసేవాళ్లున్నారు. కారణం అడగకూడదన్న షరతులో ఉన్న తెలివి వాళ్లు గమనించరు. నోరు తెరిచి వాదించలేని మనిషికి కూడా మాట చెల్లే ఏర్పాటు అది.

కొందరు డిజైనర్లు ఇంకో అడుగు వేసి, రూల్స్‌నే ఆ ఖాళీ చోట్లలోకి తీసుకెళ్లారు. జేసన్ మార్నింగ్‌స్టార్ 2009లో తెచ్చిన ఫియాస్కోలో గేమ్ మాస్టరే లేడు. ముగ్గురి నుంచి ఐదుగురు, వంతులవారీగా ఒక్కొక్కరి సీను. వంతు వచ్చినవాళ్లు రెండిట్లో ఒకటి ఎంచుకోవాలి. సీను ఎక్కడ, ఎవరితో అన్నది తామే చెబితే అది బాగా ముగుస్తుందా, చెడుతుందా అన్నది మిగతావాళ్లు తేలుస్తారు. మిగతావాళ్లు మొదలుపెడితే ముగింపు తమ చేతిలో. మొదలు, ముగింపు రెండూ ఒకరికే దక్కవు. గొంతు పెద్దదైన మనిషి కూడా సగం అధికారం వదులుకోక తప్పదు, మౌనంగా ఉండే మనిషికి ఎలాగూ వంతు వస్తుంది. ఇనిషియేటివ్ కొట్లాటకి చేసిన మేలును ఇది కబుర్లకి చేసింది. 2010లో విన్సెంట్ బేకర్ తెచ్చిన అపోకలిప్స్ వరల్డ్ గేమ్ మాస్టర్ని కట్టడి చేసింది. ఆయన పాచిక వేయడు, కథను ముందే రాసుకురాకూడదు, ఏం చేయాలో ఏం చేయకూడదో పుస్తకం జాబితా ఇస్తుంది.

ఆ కట్టడి ఎందుకంటే, గేమ్ మాస్టర్ కూడా ఒక స్వభావం ఉన్న మనిషే. ఆటగాళ్లకి రకాలు పెట్టిన పుస్తకాలు ఆయన్ని మాత్రం న్యాయమూర్తిలా పక్కన కూర్చోబెడతాయి. నవల రాయాలనుకుని రాయలేకపోయిన గేమ్ మాస్టర్ ఆటగాళ్లు ఎటు వెళ్లినా తన కథలోకే లాక్కొస్తాడు. మొహమాటస్తుడైన గేమ్ మాస్టర్ గట్టిగా అడిగినవాళ్లకల్లా సరే అంటాడు. ఆ టేబుల్ దగ్గర గట్టిగా అడగడమే నేర్పు అయిపోతుంది. ఎవరికి జవాబిస్తున్నాడో, ఎవరి మాట విననట్టు ముందుకు వెళ్తున్నాడో దాన్ని బట్టి టేబుల్ స్వభావం రెండు మూడు సెషన్లలోనే ఖరారవుతుంది. "నువ్వేం చేస్తున్నావు?" అని పేరు పెట్టి అడగడం చాలా చిన్న పని. తలుపు ముందు ఆ పావుగంటలో ఒక్కసారి అడిగి ఉంటే దీపం సంగతి అప్పుడే బయటికొచ్చేది.

ఆన్‌లైన్‌లో ఆడేటప్పుడు ఇదంతా ఇంకా ముదురుతుంది. వాయిస్ కాల్‌లో ఇద్దరు ఒకేసారి మాట్లాడితే ఎవరి మాటా వినపడదు. చెవిలో గొణుక్కోవడం, కళ్లతో సైగ చేయడం పోతాయి. ఖాళీ దొరికిన క్షణంలో చొరబడగలిగినవాళ్లే ఆడతారు. మరోవైపు పక్కన టెక్స్ట్ చాట్ ఉంటుంది కాబట్టి, నోటితో చెప్పలేని మనిషి రాసి పెట్టగలడు. గేమ్ మాస్టర్ దాన్ని చూస్తేనే అనుకోండి.

ఒక వింత ఏమిటంటే, ఈ తగువులు ముక్కూమొహం తెలియనివాళ్ల మధ్య తక్కువ. 1968లో అమెరికాలోని లేక్ జెనీవాలో గైగాక్స్ మొదలుపెట్టిన జెన్‌కాన్ లాంటి సమావేశాల్లో పరిచయం లేనివాళ్లు కొన్ని గంటలు కలిసి కూర్చుని, ముందే తయారైన పాత్రలతో ఆడి వెళ్లిపోతారు. సమయం తక్కువ, మర్యాద ఎక్కువ, పాత బాకీలు లేవు. ఏళ్ల తరబడి కలిసి ఆడే స్నేహితుల గుంపులో అలా కాదు. కాలేజీ రోజుల నుంచి ఎవరి మాట చెల్లుతుందో వాళ్ల మాటే కోట తలుపు ముందు కూడా చెల్లుతుంది. భార్యాభర్తలు ఆడుతుంటే పొద్దున ఇంట్లో జరిగిన రుసరుస సాయంత్రం డ్రాగన్ ముందుకు వస్తుంది. ఒకరి వల్ల మిగతా నలుగురూ ఇబ్బంది పడుతున్నా రావద్దని చెప్పడం ఎవరి తరమూ కాదు, ఎందుకంటే వచ్చే నెల అతని పెళ్లికి వీళ్లంతా వెళ్లాలి. అప్పుడు గుంపులు సాధారణంగా చేసేది ఒకటే. ఎవరికీ తేదీలు కుదరడం లేదంటూ ఆ క్యాంపెయిన్ ఆపేస్తారు. రెండు నెలల తర్వాత నలుగురితో కొత్తది మొదలవుతుంది.